జహీరాబాద్ చెలకలు: పది పంటలు పండే ఎర్రనేల

హైదరాబాద్ నుంచి ముంబై రహదారి పట్టుకుని వంద కిలోమీటర్లు పోతే జహీరాబాద్ వస్తుంది. బస్సులోంచి చూస్తే దాబాలు, చెరకు లారీలు, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక, పక్కనే బీదర్. సంత రోజు తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బేరంలో వినబడతాయి. అయితే ఈ ప్రాంతం గొప్పతనం తెలియాలంటే రోడ్డు దిగాలి. పస్తాపూర్, మాచ్నూర్, బిడకన్నె, హుమ్నాపూర్ లాంటి ఊళ్ళ దారి పట్టాలి.

ఇక్కడి నేల రెండు తీర్లు. పల్లంలో నల్లరేగడి, మెరక మీద ఎర్ర చెలక. చెలక అంటే ఇక్కడ గులకరాళ్ళు తేలిన పలుచటి మట్టి. నాలుగు చినుకులు పడితే తడుస్తుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే పెళుసుబారుతుంది. నీళ్ళు నిలిచే మంచి భూములు తరతరాలుగా ఉన్నవాళ్ళ చేతిలోనే ఉన్నాయి. భూమి లేని దళిత కుటుంబాలకు సర్కారు పట్టాలిచ్చినప్పుడు ఎక్కువగా దక్కినవి బీడుపడ్డ ఈ చెలకలే. తెలుగునాట పంటల వైవిధ్యం ఇంత గట్టిగా నిలిచింది ఈ నిరుపేద నేలల మీదే, వాటిని దున్నుకునే ఆడవాళ్ళ చేతుల్లోనే. ఈ సీమ గురించి నేను ముందుగా చెప్పదలచుకున్నది ఇదే.

జూన్ మొదటివారం దాటగానే మిరుగు. మృగశిర కార్తెను ఇక్కడ అలాగే పిలుస్తారు. నేల పదునెక్కగానే గొర్రు కడతారు. పచ్చజొన్న సాళ్ళ మధ్య కొన్నింటికొక కంది సాలు పోతుంది. జొన్నల్లోనే పెసర, బొబ్బర, అనుములు, నువ్వులు, పుంటికూర గింజలు చేతి అంచనాతో కలుపుతారు. ఇంకో చెక్కలో కొర్రలు, సామలు, తైదలు వేస్తారు. ఎకరం చేనులో పది పన్నెండు పంటలు ఉండడం ఇక్కడ వింతేమీ కాదు.

ఈ కలగలుపు వెనక పక్కా లెక్క ఉంది. పెసర రెండు రెండున్నర నెలల్లో చేతికొస్తుంది. కొర్ర మూడు నెలలకు, జొన్న నాలుగైదు నెలలకు. కంది సంక్రాంతి దాకా నిలుస్తుంది. ఒకదాని వేరు పైమట్టిలో పాకితే ఇంకొకటి లోతుకు దిగుతుంది. పప్పుజాతి మొక్కల వేళ్ళ మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిస్తాయి. కంది ఆకు రాలి నేలను కప్పుతుంది. జొన్న కోసాక మిగిలే సొప్ప పశువులకు, పశువుల పెంట మళ్ళీ చేనుకు. ఆగస్టులో వాన మొహం చాటేసి జొన్న దెబ్బతిన్నా కంది మిగులుతుంది. చీడొచ్చి కంది పోయినా కొర్రలు అప్పటికే ఇంట్లో చేరి ఉంటాయి. బోరు లేక, అప్పు పుట్టక ఒక్క పంట మీద బతుకు పెట్టలేనివాళ్ళు ఇలా పది పంటల మీద పెట్టారు. వ్యవసాయ శాస్త్రం ఇప్పుడు పునరుత్పాదక సేద్యం పేరుతో చెబుతున్న సూత్రాల్లో చాలా భాగం ఈ చెలకల్లో రోజువారీ పని.

వానాకాలంలో చేను ఇంకో పంట కూడా ఇస్తుంది, దానికి విత్తనం ఎవరూ చల్లరు. తుమ్మికూర, దొగ్గలి, జొన్న చెంచలి, గంగవాయిలి, పొన్నగంటి వాటంతటవే మొలుస్తాయి. కలుపుకు వంగిన మనిషి వీటిని ఏరి కొంగులో వేసుకుంటుంది, ఆ పూట కూర అదే. కలుపు మందు కొట్టిన చేనులో ఈ కూర ఉండదు. గునుగు సంగతి చూడండి. లేతగా ఉన్నప్పుడు ఆకు కూరకు పనికొస్తుంది. బతుకమ్మ వచ్చేసరికి అదే మొక్క తెల్లటి కంకులు వేసి తంగేడు పక్కన తాంబాళంలో కూర్చుంటుంది. ఈ ఆకులను ఆహారంగా లెక్కగట్టని పోషకాహార పట్టికలు ఈ ప్రాంతం గురించి సగమే చెబుతాయని నా నమ్మకం.

వానలు వెనకబట్టాక నల్లరేగళ్ళ వంతు. శనగ, కుసుమ, అవిసె, తెల్లజొన్న వేస్తారు. వాన వెళ్ళిపోయాక మట్టిలో మిగిలిన పదును మీద, రాత్రి కురిసే మంచు మీద పెరుగుతాయి కనుక వీటిని ఇక్కడి ఆడవాళ్ళు సత్యం పంటలంటారు. నీళ్ళు కట్టరు, బస్తా ఎరువు వేయరు. మార్గశిర అమావాస్యకు ఎల్లమాస వస్తుంది. సరిహద్దుకు అవతల బీదర్, కలబురగి పల్లెల్లోనూ ఇదే పండుగ. ఇంటిల్లిపాదీ చేను బాట పడతారు. సొప్పతో చిన్న గుడిసె వేసి పూజ చేస్తారు. పప్పుగింజలు, ఆకుకూరలు కలిపి వండిన భజ్జి, సజ్జరొట్టె, అంబలి తెస్తారు. ముందు చేనుకు చల్లి, తర్వాత తాము తింటారు. చేను ఉన్నవాళ్ళు లేనివాళ్ళను పిలిచి పెట్టే పండుగ ఇది.

సంక్రాంతి నుంచి నెలపాటు పాత పంటల జాతర సాగుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి, వాటిలో రకరకాల విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పుతారు. ఊరివాళ్ళు ఎదురొచ్చి పాటలతో బండిని తీసుకుపోతారు. ఏ గింజ ఎవరి దగ్గరుంది, ఏ రకం కరువైంది అన్నది అక్కడే తేలుతుంది. దీన్ని నడిపేది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన ఈ సంస్థను నిలబెట్టినవారిలో పి.వి. సతీష్ ముఖ్యులు. మైసూరులో పుట్టి, దూరదర్శన్‌లో పనిచేసి, ఇక్కడికొచ్చి నాలుగు దశాబ్దాలు ఉండిపోయారు. 2023 మార్చిలో కన్నుమూశారు. అది ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటున్న ఏడాది.

ఈ సంఘాలు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదనిపించేది 1990ల నడుమ మొదలైన జొన్నల రేషన్. రెండు రూపాయల బియ్యం వచ్చాక చెలకలు బీడుపడ్డాయి, జొన్నరొట్టె పళ్ళెంలోంచి జారిపోయింది. అప్పుడు సంఘాలు బీళ్ళను దున్నడానికి, పెంట తోలడానికి రైతులకు అప్పిచ్చి, ఆ అప్పును జొన్నల రూపంలో తిరిగి తీసుకున్నాయి. గింజ ఊళ్ళోనే నిలవ ఉంచి, పని దొరకని వానాకాలం నెలల్లో పేద ఇళ్ళకు చవగ్గా అమ్మాయి. ఎవరు ఎంత పేదలో అధికారి తేల్చలేదు. ఊరి నడుమ నేల మీద ముగ్గుపిండితో గీసి, అందరి ముందూ ఊరే తేల్చింది. పండించింది, నిలవ చేసింది, పంచింది, తిన్నది ఆ ఊరివాళ్ళే. 2008 అక్టోబర్ 15న మాచ్నూర్‌లో మొదలైన సంఘం రేడియో ఈ ఆత్మవిశ్వాసానికి కొనసాగింపు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి కూడా వీరికి దక్కింది.

ఇక తోటల సంగతి. శాశ్వత వ్యవసాయానికి (పర్మాకల్చర్) ఆద్యుల్లో ఒకరైన ఆస్ట్రేలియావాసి బిల్ మాలిసన్ 1987లో మనదేశానికి వచ్చారు. ఆ ఆలోచనకు దేశంలో తొలినాళ్ళలో పాదు దొరికిన చోట్లలో పస్తాపూర్ ఒకటి. అక్కడ పనిచేసిన కొప్పుల నర్సన్న తర్వాత భార్య పద్మతో కలిసి ‘అరణ్య’ సంస్థ పెట్టి బిడకన్నెలో బీడునేలను తోటగా మార్చారు. వాలుకు అడ్డంగా కందకాలు తీసి వాననీటిని ఆపడం, రాలిన ఆకును తగలబెట్టకుండా మట్టి మీదే పరవడం, పెద్దచెట్ల నీడన చిన్నచెట్లు, వాటి కింద కూరలు, దుంపలు పెంచడం అక్కడి పద్ధతి. గడ్డి కూడా సరిగా మొలవని ఎర్రరాతి నేల అడవిలా ఎలా గుబురెక్కిందో చూసి నేర్చుకోవడానికి దేశవిదేశాల నుంచి వస్తుంటారు.

విత్తనం దాచే తీరును దగ్గరగా చూడాలి. కంకి కోతకు ముందే చేనంతా తిరిగి బలమైన కంకులు ఎంచి విడిగా కోస్తారు. గింజ బాగా ఎండాక బూడిద, వేపాకు కలిపి వెదురుబుట్టలో పోస్తారు. పైన మళ్ళీ ఓ వరస వేపాకు పరిచి, మట్టీ పేడా కలిపి మూతి మెత్తుతారు. విత్తనం అడిగినవాళ్ళకు లేదనరు, డబ్బు తీసుకోరు. పంట వచ్చాక తీసుకున్న దానికి మించి కొలిచి ఇస్తే చాలు. ఎనభైకి పైగా దేశీ రకాలు ఇలాగే నిలిచాయి. శీతల గిడ్డంగిలో దాచిన గింజ ప్రాణంతో ఉండొచ్చు గానీ ఈ ఎండకు, ఈ వానకు అలవాటు పడుతూ రావాలంటే ఏటేటా ఈ చెలకలోనే మొలవాలి.

అందుకే ఇక్కడి భూమి చేతులు మారుతుంటే గుండె కలుక్కుమంటుంది. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో సుమారు 12,600 ఎకరాల్లో పారిశ్రామిక జోన్ తలపెట్టి భూసేకరణ చేస్తున్నారు. మిగిలిన చోట్ల పత్తి, సోయా, చెరకు పాకుతున్నాయి. పిల్లలు చదువుకుని పట్నం పోతున్నారు, పోవద్దనే హక్కు ఎవరికీ లేదు. కొలువులు కావాలన్న కోరికా న్యాయమైనదే. కానీ భూసేకరణ లెక్కల్లో ఎకరానికి ధర ఉంటుంది, ఆ ఎకరంలోని పన్నెండు పంటలకూ, కొంగు నిండా వచ్చే కూరాకుకూ, ఏటేటా ఎంచిన విత్తనానికీ కాలమ్ ఉండదు. ఆ కాలమ్ పెట్టాకే బేరం మాట్లాడాలని పాలకులను గట్టిగా అడగాలి. పచ్చజొన్నలకు, సామలకు కొనుగోలు కేంద్రం తెరిచి మద్దతు ధర ఇవ్వాలనీ, బడి, అంగన్‌వాడీ పిల్లలకు ఈ ఊళ్ళ గింజే వండి పెట్టాలనీ అడగాలి.

ఈ సీమను చూడాలనుకుంటే జనవరి నడుమ నుంచి ఫిబ్రవరి నడుమ దాకా మంచి అదను. జాతర బండ్లు ఊళ్ళు తిరుగుతుంటాయి, కంది కోత, శనగ కాయ రెండూ కనిపిస్తాయి. పచ్చజొన్న రొట్టె తినండి. నచ్చితే గింజ అడిగి తెచ్చుకోండి, మిరుగుకు మీ నేలలో వేయండి, పండితే తెచ్చిన దానికి మించి తిరిగివ్వండి.