నీలిరంగు చెప్పు నిజము

మేము తెలుగు బోధించువారమైనను, రసాయన శాస్త్రములోని ఒక చిన్న పరీక్ష మమ్ము ఆలోచింపజేసినది. పాలీస్టైరీన్ పూసలపై ఎమినో ఆమ్లములను ఒకదాని వెంట నొకటి కూర్చి పెప్టైడును నిర్మించు పద్ధతిని 1963లో అమెరికా శాస్త్రజ్ఞుడు మెరిఫీల్డు ప్రకటించెను. 1984లో నోబెల్ బహుమతి నందెను.

ప్రతి కూర్పును 99 శాతము జరిగినచో, 20 కూర్పుల పిదప దాదాపు 82 శాతము సరియైన గొలుసు మిగులును. 95 శాతమే జరిగినచో 36 శాతమే. లోపించిన గొలుసులు మంచివాటితో పాటు పూసనే అంటియుండును. చివర వేరుచేయుట కష్టము. అందుకే 1970లో కైజర్ ప్రభృతులు నిన్‌హైడ్రిన్ పరీక్షను సూచించిరి. కూర్పు కాగానే కొన్ని పూసలను తీసి ఆ ద్రావణముతో వేడిచేయుదురు. నీలిరంగు వచ్చినచో కూర్పు అసంపూర్ణము, మరల చేయవలెను. వేలాది పదార్థములను ఒక్కసారిగా కూర్చు కాంబినేటోరియల్ రసాయనమున ఈ జాగ్రత్త మరింత అవసరము.

మన సిద్దిపేట నేతగాడును గొల్లభామ బొమ్మ ముగిసిన తర్వాత తప్పిన పోగును వెదకడు, నేయుచునే చూచుకొనును. వార్షిక పరీక్ష లోపమును చూపును గాని, దిద్దుటకు వ్యవధి నీయదు. ఉర్దూ ఇంటిభాషగా గల విద్యార్థి తొలివారము ఒత్తుల యొద్ద ఆగినచో, ఆ లోటు పద్యపాఠము వరకు పెరుగుచునే పోవును. కనుక ప్రతి పాఠము చివర ఐదు నిమిషములు అడిగి చూచుట మేలు. తెలియలేదనుటకు విద్యార్థులు సిగ్గుపడరాదు. మరల చెప్పుటకు మేము విసుగుకొనరాదు.