మైలు దూరంలో ఎండమావి

మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్లారా? దూరంగా రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే ఏమీ ఉండదు. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూసి నవ్వుకున్న ఆ ఎండమావే, మొన్న జూన్‌లో న్యూమెక్సికో కొండల మధ్య నా పరువు తీసింది.

నేనుండేది డాలస్‌లో. కోడింగ్ పని. మాకు రెండు వీధుల అవతల ఖమ్మం అన్న ఒకాయన ఉంటాడు. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లయింది, సిటిజన్ కూడా. ఆయనకి లాంగ్ రేంజ్ షూటింగ్ పిచ్చి. వేట కాదు, దూరంగా ఇనుప పలక వేలాడదీసి దాన్ని కొట్టడం. వెయ్యి గజాలు, మైలు, ఇంకా పైకి. హెచ్1బీ వీసా మీద ఉన్న నాలాంటివాళ్లు తుపాకీ పట్టుకోవాలంటే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఏదో ఒకటి ఉండాలి. నాకు లేదు. అందుకే నాది స్పాటర్ డ్యూటీ. ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్ పెట్టుకుని, బుల్లెట్ ఎక్కడ పడిందో చెప్పాలి.

రైఫిల్‌కి కొత్త స్కోప్ కొనేటప్పుడు అన్నకి సలహా ఇచ్చిందీ నేనే. ఎక్సెల్ షీట్ కూడా వేశా. ఒకే కంపెనీవి రెండు మోడళ్లు మిగిలాయి. ఒకటి 5-25, అంటే జూమ్ 5 రెట్ల నుంచి 25 రెట్ల దాకా. రెండోది 7-35. "మైలు దూరం కొట్టాలి కదన్నా, 35 ఉండాల్సిందే" అన్నా. అన్న ఇంకేం అడగలేదు. మూడున్నర వేల డాలర్ల పైనే పెట్టి కొనేశాడు.

శుక్రవారం తెల్లారకముందే బయల్దేరాం. అమరిల్లో, డాల్‌హార్ట్ దాటేదాకా నేలంతా చపాతీ పీటలా చదును. స్టేట్ లైన్ దాటి క్లేటన్ వచ్చాక కొండలు మొదలవుతాయి. దారిలో కాపులిన్ అనే చల్లారిన అగ్నిపర్వతం, బోర్లించిన గిన్నెలా కనిపిస్తుంది. ఆ తర్వాత రటోన్. 6,600 అడుగుల పైనున్న చిన్న ఊరు. ఊరికి కాస్త దూరంలో విట్టింగ్టన్ సెంటర్. దాదాపు 33,000 ఎకరాల షూటింగ్ రేంజ్. పాత శాంటాఫే బండ్ల బాట కూడా ఈ నేల మీదుగానే పోతుంది. రెండు మైళ్ల దూరం కొట్టే 'కింగ్ ఆఫ్ టూ మైల్స్' పోటీలు జరిగిందీ ఇక్కడే.

పొద్దున ఏడింటికి గాలి చల్లగా, నిశ్చలంగా ఉంది. ఇక్కడ 1,123 గజాల దూరంలో తెల్లరంగు వేసిన ఇనుప అడవిదున్న ఉంటుంది. అన్న జూమ్ 35 పెట్టి చూశాడు. "అబ్బ, దాని కాళ్ల కింద గడ్డి కూడా కనిపిస్తోంది తమ్మీ!" అన్నాడు. మూడుకి మూడూ తగిలాయి. నా ఎక్సెల్ షీట్ గెలిచిందని లోలోపల మురిసిపోయా.

పదిన్నరకి మైలు లైన్ మీదికి వెళ్లాం. 1,760 గజాలు, అంటే 1,609 మీటర్లు. పలక వెడల్పు గజం. అన్నది .338 లపువా రైఫిల్. మైలు చేరేసరికి ఆ బుల్లెట్ దాదాపు 24 మీటర్లు కిందికి దిగిపోతుంది. అంటే ఎనిమిది అంతస్తుల బిల్డింగ్ ఎత్తు. గాలిలో ఉండేది రెండున్నర సెకన్లు. ఈలోగా చిన్న గాలి వీచినా పక్కకి పోతుంది.

మొదటి షాట్. "ఎక్కడ పడింది తమ్మీ?"

"కనిపించలేదన్నా."

రెండోది, మూడోది, నాలుగోది. అదే మాట. నా స్పాటింగ్ స్కోప్ కూడా ఫుల్ జూమ్, 60లో పెట్టా. లోపల పలక నీళ్లలో మునిగిన రూపాయి బిళ్లలా ఊగుతోంది. ఎండకి నేల వేడెక్కి, పైన గాలి పొరలు మరుగుతున్నాయి. మన ఎండమావే. ఒక్కో రౌండ్ ఐదారు డాలర్లు. అన్న నన్నేమీ అనలేదు. మొహం మాత్రం వాడిపోయింది. ఆయన రైఫిల్ తప్పా, లెక్క తప్పా అని వెతుక్కుంటున్నాడు. నాకేమో ఆ స్కోప్ బిల్లే గుర్తొస్తోంది.

పక్క బెంచీ మీదున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. నా స్కోప్‌లో ఒక కన్నేసి, "ముందు జూమ్ తగ్గించు బాబూ" అన్నాడు. నాది 25కి, అన్నది 18కి తిప్పించాడు.

పలక చిన్నదైంది. కానీ ఊగడం తగ్గింది, చుట్టుపక్కల మట్టి కనిపించింది. అయిదో షాట్‌కి పలక ఎడమ పక్కన పిడికెడు దుమ్ము లేవడం స్పష్టంగా చూశా. నేను నోరు తెరిచేలోపే అన్న "ఎడమ, ఒకటిన్నర గజం" అన్నాడు. ఆయనకీ కనిపించింది! ఆరో షాట్. పలక కదిలింది. నాలుగున్నర సెకన్ల తర్వాత, వినిపించీ వినిపించనట్టు 'టింగ్' మని శబ్దం వచ్చింది. ఇద్దరం అరిచిన అరుపుకి పెద్దాయన నవ్వుతూ తన బెంచీకి వెళ్లిపోయాడు.

మోటెల్‌కి వచ్చాక కూర్చుని లెక్క వేసుకున్నా. ఫోన్‌లో ఫొటోని లాగి లాగి పెద్దది చేస్తే ఏమవుతుంది? బొమ్మతో పాటు మసక కూడా పెరుగుతుంది. ఇక్కడా అంతే. జూమ్ గాలిలోని వణుకుని కూడా పెంచుతుంది.

రెండోది, కనిపించే వెడల్పు. 7లో కనిపించేదాంట్లో 35లో ఐదో వంతే కనిపిస్తుంది. షాట్ పేలి రైఫిల్ ఎగరగానే టార్గెట్ కళ్లముందు నుంచి తప్పుకుంటుంది. బుల్లెట్ ఎక్కడ పడిందో షూటర్‌కి తెలియదు.

మూడోది వెలుతురు. ముందు లెన్స్ 56 మిల్లీమీటర్లు. దాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు చుక్క సైజు వస్తుంది. 35లో 1.6 మిల్లీమీటర్లు, 18లో 3.1. చుక్క చిన్నదైతే బొమ్మ మసకబారుతుంది, తల అంగుళంలో కొంత కదిలినా నల్లబడుతుంది.

అసలు 18 చాలా తక్కువా? మైలు దూరంలో పలకని 18 రెట్లు దగ్గరికి తెస్తే 90 మీటర్లు. క్రికెట్ బౌండరీ దాటి స్టాండ్స్‌లో కూర్చున్న మనిషి అంత దూరం. గజం వెడల్పు పలకకి అది చాలు.

నా షీట్‌లో నేను చూడని కాలమ్ ఇంకోటుంది. ఎత్తు సరిచేసే డయల్ మొత్తం ఎంత తిరుగుతుందనేది. 5-25 మోడల్‌లో 35 మిల్స్, 7-35లో 29 మిల్స్. మిల్ అంటే వెయ్యి మీటర్లకి ఒక మీటరు. మైలుకి మాకు కావాల్సింది 15 మిల్సే. రెండు మైళ్లకి వెళ్తే ఒక్కో మిల్ బంగారమే. జూమ్ మోజులో ఆరు మిల్స్ వదిలేశానన్నమాట.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పే వరస ఇది. ముందు డయల్ ఎంత తిరుగుతుందో చూడండి. తర్వాత లోపలి గీతలు జూమ్‌తో పాటు పెరిగి తగ్గే రకమా కాదా చూడండి. ఆ రకం అయితే ఏ జూమ్‌లోనైనా గీతల కొలత సరిపోతుంది. జూమ్ అంకె చివర్న. 25 దాకా ఉంటే మామూలుగా సరిపోతుంది. అంతకు మించింది చల్లటి పొద్దుట పూట, పేపర్ మీద రంధ్రాలు చూసుకోడానికి పనికొస్తుంది.

తిరుగు ప్రయాణంలో డాల్‌హార్ట్ దగ్గర కాఫీకి ఆగాం. "అన్నా, ఆ స్కోప్ అమ్మేద్దామా? తేడా నేను పెట్టుకుంటా" అన్నా. అన్న నవ్వి, "ఉండనీయ్ తమ్మీ. పొద్దున ఆ దున్నపోతు ఎంత ముద్దుగా కనబడ్డదో సూసినవ్ కదా" అన్నాడు.

పోయిన ఆదివారం భోజనానికి పిలిస్తే వాళ్లింటికి వెళ్లా. గ్యారేజీలో రైఫిల్ చూపించాడు. స్కోప్ జూమ్ రింగు మీద 18 అంకె దగ్గర ఎర్రగా ఒక చుక్క. వదిన నెయిల్ పాలిష్ అట.