గాలిదారిన వచ్చే పాట

రాజ్యం పోగొట్టుకున్న నవాబు ఒకడు తన వెంట సంగీతాన్ని తెచ్చుకున్నాడు. 1856లో ఆంగ్లేయులు అవధ్ రాజ్యాన్ని కలుపుకున్న తరువాత వాజిద్ అలీ షా లక్నో విడిచి కలకత్తా చేరాడు. హుగ్లీ నది ఒడ్డున, గార్డెన్ రీచ్ ప్రాంతంలో, మట్టి బురుజు అని అర్థం వచ్చే మెటియాబ్రుజ్‌లో చిన్న లక్నోను నిర్మించుకున్నాడు. 1887లో అక్కడే కన్నుమూశాడు. సింహాసనం, సైన్యం వెనుకనే ఉండిపోయాయి. ఠుమ్రీ మాత్రం అతనితో కూడా వచ్చి బెంగాలు నేలలో వేళ్లూనింది.

నేడు అదే గార్డెన్ రీచ్‌లో యుద్ధనౌకలు తయారవుతున్నాయి. మెటియాబ్రుజ్ సందులలో దర్జీల కుట్టుమిషన్లు ఎడతెరిపి లేకుండా మోగుతుంటాయి. పూర్వం బెంగాల్ నాగపూర్ రైల్వేకు, ఇప్పుడు ఆగ్నేయ రైల్వేకు ప్రధాన కార్యాలయం కూడా అక్కడే ఉంది. 2003 వరకు వాల్తేరు డివిజను ఆ కార్యాలయం అజమాయిషీలోనే ఉండేది. ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగువారికి గార్డెన్ రీచ్ పరాయి పేరు కాదు.

అట్టి తెలుగు కుటుంబాన్ని ఒకదానిని పాఠకులు ఊహించుకోవచ్చు. తండ్రి రైల్వే గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. సాయంకాలం కిటికీ వద్ద కూర్చొని, చెవిలో గింజంత యంత్రం పెట్టుకొని, ఘంటసాల పాటలు వింటుంటాడు. తీగ లేదు, ఫోను ఎక్కడో బల్ల మీద ఉంటుంది. ఒకనాడు కుమారుడు, “నాన్నా, ఇది చవక రకం. దీనిలో మంచి కోడెక్ లేదు. సగం పాట దారిలోనే పోతుంది” అన్నాడు. అంతవరకు తండ్రికి పాటలో ఏ లోపమూ కనిపించలేదు. ఆ మాట చెవిన పడిన క్షణం నుంచి మాత్రం, పాట వింటున్నంతసేపూ పోయిన సగాన్ని వెదుక్కోవడమే పని అయింది.

ఇంతకూ పోయిన ఆ సగం ఏది?

కాంపాక్ట్ డిస్కు మీద సంగీతం సెకనుకు 44,100 సార్లు కొలతకు లోనవుతుంది. రెండు చెవులకూ కలిపి సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం తయారవుతుంది. బ్లూటూత్ అనే రేడియో దారి అంత బరువు మోయలేదు. పైగా ఆ దారి దానికొక్కదానికే సొంతం కాదు. వైఫై, మైక్రోవేవ్ పొయ్యి కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ వీధిలో తిరుగుతుంటాయి. వాటిని తప్పించుకోవడానికి బ్లూటూత్ సెకనుకు 1,600 సార్లు ఒక చానెల్ నుంచి మరొక చానెల్‌కు గెంతుతుంది. మనిషి దేహంలోని నీరు కూడా ఆ తరంగాలను కొంత పీల్చుకుంటుంది. ఫోను వెనుక జేబులో ఉన్నప్పుడు పాట తెగిపోవడానికి అదే కారణం.

ఇంత ఇరుకు దారిన పాటను పంపాలంటే చిన్న మూట కట్టాలి; ఆవలి ఒడ్డున విప్పాలి. ఆ కట్టే విధానానికీ, విప్పే విధానానికీ కలిపి పెట్టిన పేరే కోడెక్. ప్రతి బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనూ విధిగా ఉండవలసిన కోడెక్ ఎస్‌బిసి. అది ధ్వనిని మందర స్థాయి నుంచి తార స్థాయి వరకు నాలుగు లేక ఎనిమిది పాయలుగా చీల్చి, ఏ పాయకు ఎంత అవసరమో అంత మాత్రమే కేటాయిస్తుంది. మేలైన స్థితిలో అది సెకనుకు 328 కిలోబిట్లు పంపుతుంది. అసలులో నాలుగో వంతుకన్న తక్కువ. ఐర్లండు ఉత్తర భాగంలోని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయంలో 1980ల నాటి పరిశోధన నుంచి పుట్టినది ఆప్ట్ ఎక్స్. సోనీ సంస్థ 2015లో తెచ్చిన ఎల్‌డాక్ 990 కిలోబిట్ల వరకు పంపగలదు; అయితే దారి బాగులేనప్పుడు 330కి దిగివస్తుంది. ఫోనుకూ హెడ్‌ఫోన్‌కూ ఉమ్మడిగా తెలిసిన కోడెక్ ఉంటేనే అది పనిచేస్తుంది. లేకపోతే రెండూ ఎస్‌బిసికే ఒప్పుకుంటాయి.

అంకెలు చూస్తే కుమారుడి మాటే నిజమనిపిస్తుంది. కాని ఇక్కడ చెవి స్వభావాన్ని గుర్తు చేసుకోవాలి. కుట్టుమిషను మోగుతున్నప్పుడు పక్కనే ఉన్న గడియారం చప్పుడు వినిపించదు. పెద్ద ధ్వని తన పొరుగున ఉన్న చిన్న ధ్వనిని కప్పివేస్తుంది. ఏఏసి వంటి కోడెక్కులు ఈ రహస్యాన్ని బాగా వాడుకుంటాయి. ఎలాగూ వినిపించని దానిని మోయడం మానివేస్తాయి. మెటియాబ్రుజ్ దర్జీ కత్తిరించి పారవేసిన ముక్కల బరువు తూచి చొక్కా విలువ కట్టేవారు ఎవరూ లేరు. తొడుక్కున్నవానికి సరిపోయిందా, లేదా అన్నదే లెక్క.

అయితే కత్తెర తప్పు చోట పడితే ఆ తప్పు దాగదు. ఎంపీత్రీ పద్ధతిని తీర్చిదిద్దుతున్న కాలంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్‌ను బాగా పరీక్షించిన పాట వాద్యఘోషతో నిండినది కాదు. అది సుజానే వేగా అనే గాయని ఏ వాద్యమూ లేకుండా పాడిన పాట. ఒంటరి కంఠానికి చాటు లేదు. చిన్న మచ్చ కూడా పైకి కనిపిస్తుంది. తబలా దెబ్బ వంటి ఆకస్మిక ధ్వని కూడా కోడెక్కులకు కష్టమైన పరీక్షే. ఇటువంటి చోట చవక యంత్రానికీ, మేలైన యంత్రానికీ తేడా తెలియవచ్చు. అయినా చెవిలో యంత్రం సరిగా ఇమడకపోతే పోయే మందర ధ్వని, కోడెక్ కారణంగా పోయేదానికన్న ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక ఆ తండ్రి వింటున్నది పాతకాలపు సినిమా పాట. సినిమా ఫిల్ము అంచున కాంతిరేఖగా ముద్రితమైన ఆనాటి ధ్వనిలో 8,000 హెర్ట్జ్ దాటిన స్వరాలు చాలావరకు క్షీణించేవి. వయస్సు మళ్లిన చెవి కూడా తార స్థాయిని క్రమంగా వదులుకుంటుంది. పుట్టుకలోనే లేనిదానిని 990 కిలోబిట్లు తెచ్చి ఇవ్వలేవు.

ఇరుకు దారి సంగీతానికి కొత్తదీ కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కొమ్ము ఎదుట పాడినప్పుడు, గంటలతరబడి సాగే గానాన్ని మూడు నిమిషాలకు కుదించవలసి వచ్చింది. 1925లో విద్యుత్ మైక్రోఫోను రికార్డింగులోకి వచ్చేవరకు, లోతైన మంద్రమూ, సన్నని తారమూ ఆ కొమ్ములో దూరేవే కావు. 1938లో ‘స్ట్రీట్ సింగర్’ చిత్రంలో సైగల్, వాజిద్ అలీ షా రచనగా ప్రసిద్ధమైన ఠుమ్రీని కెమెరా ఎదుటే పాడాడని చెబుతారు. ఆ ధ్వని నేటి అతి చవక ఇయర్‌ఫోన్‌కు కూడా సాటిరాదు. అయినా పుట్టిల్లు విడిచిపోయే వేదన అందులో చెక్కుచెదరలేదు.

అందుచేత కుమారుడు చూపిన లోపం పాటలో అంతగా లేదు. నిజమైన లోపం అతడు గమనించని మరొక చోట ఉంది.

పాట మధ్యలో ఊరినుంచి ఫోను వస్తుంది. మాట అటూ ఇటూ ఒకేసారి నడవాలి కనుక, బ్లూటూత్ వెంటనే సంగీతం కోసం వేసిన విశాలమైన దారిని మూసి, ఫోను మాటలకు ప్రత్యేకించిన ఇరుకు దారి తెరుస్తుంది. సెకనుకు 64 కిలోబిట్లే అక్కడ లభిస్తాయి. పాత పద్ధతిలో 4,000 హెర్ట్జ్ పైన ఏదీ మిగలదు. స, శ వంటి అక్షరాల ప్రాణం చాలావరకు ఆ పైనే ఉంటుంది. అందుకే ‘స’ ఒక్కొక్కప్పుడు ‘ఫ’గా వినిపిస్తుంది. కొత్త పరికరాలలో ఈ హద్దు రెట్టింపు అయింది గాని, సంగీతానికి దక్కిన వైభవం మాటకు ఇంకా దక్కలేదు. అపరిచిత గాయకుని కంఠం రాజమార్గాన వస్తుంటే, కన్నతల్లి కంఠం సందుగొందులలో నలిగి వస్తున్నది!

ఈ అన్యాయం తొలగే సూచనలు లేకపోలేదు. 2020లో ప్రకటించిన ఎల్‌సీత్రీ అనే కోడెక్ తక్కువ బిట్లతోనే ఎస్‌బిసిని మించిన నాణ్యత ఇస్తుంది. మాటకూ పాటకూ రెంటికీ పనికివస్తుంది. దానితో వచ్చిన ప్రసార పద్ధతి వల్ల, రైల్వే ప్లాట్‌ఫారం ప్రకటననో, సభలోని ఉపన్యాసాన్నో వినికిడి యంత్రం నేరుగా అందుకునే వీలు కలుగుతుంది. సంగీత రసికుల కన్న వినికిడి తగ్గినవారికి అది గొప్ప వరం.

ఆ వినికిడిని కాపాడుకోవడం మాత్రం ఏ కోడెక్ చేతిలోనూ లేదు. రొదను మించి వినాలని ధ్వని పెంచుకుంటూ పోవడం గార్డెన్ రీచ్ వంటి చోట ఎవరికైనా సహజం. 80 డెసిబెల్ స్థాయిలో వారానికి 40 గంటలు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు చెప్పింది. స్థాయి పెరిగిన కొద్దీ ఆ గంటలు వేగంగా తరిగిపోతాయి. కోడెక్ వదిలివేసిన స్వరాన్ని రేపు మరొక యంత్రం తిరిగి ఇవ్వవచ్చు. లోపలి చెవిలో నశించిన సున్నితమైన రోమకణం తిరిగి మొలవదు.

కనుక విశ్రాంత గుమాస్తా తన చవక ఇయర్‌ఫోన్‌తోనే, తగుమాత్రపు ధ్వనిలో, నిస్సంశయంగా ఘంటసాలను వినవచ్చు. శ్రీకాకుళం నుంచి తల్లి పిలిచినప్పుడు మాత్రం ఆ గింజను చెవినుంచి తీసి, ఫోనునే చెవికి ఆనించుకోవడం మేలు. 4జీ టెలిఫోను దారిన ఆమె మాట 7,000 హెర్ట్జ్ వరకు రాగలదు. “ఏరా, బాగున్నావా?” అన్న పలకరింపు చివర ఆమె తీసిన నిట్టూర్పు కూడా అప్పుడు వినిపించవచ్చు.