చూడని సరుకు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఆ కారు కావలసినవారు ఇక పాతదాన్నే వెదుక్కోవాలి. మా అబ్బాజాన్ ఏళ్ల తరబడి నడిపిన కారు అదే గనుక మేమూ వెదికాము. చివరికి కోల్‌కతాలో ఒకటి ఉన్నట్లు అంతర్జాలంలో కనిపించింది.

ఫొటోలలో కారు కొత్తదానిలా మెరిసింది. అయితే ఫొటోలో ఇంజను చప్పుడు వినిపించదు. చూడకుండా కొన్న వస్తువును, చూసిన తర్వాత వద్దనుకునే హక్కు కొన్నవారికి ఉంటుందని హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. దానినే ఖియారె రూయత్ అంటారు. కానీ రాష్ట్రాలు దాటి లారీలో వచ్చిన కారును తిప్పిపంపడం మాటలు కాదు. అందుకే డబ్బు పంపకముందే అడిగాము: ఆర్‌.సి.లోని ఛాసిస్ నంబరు, కారు మీది నంబరు ఒకటేనా? ఫైనాన్సు బాకీ ఏమైనా ఉందా? మన రాష్ట్రంలో రిజిస్టరు చేయించేందుకు ఎన్‌.ఓ.సి. తెచ్చిస్తారా?

విక్రేత అన్నింటికీ జవాబిచ్చారు. మేము అడగని సంగతినీ చెప్పారు. ఎడమ తలుపు అడుగుభాగం తుప్పుపట్టిందంటూ ఫొటో తీసి పంపి, ఆ మేరకు ధర తగ్గించారు. "ఇక ఆలోచించనక్కర లేదు, ఈయన దగ్గరే కొందాం" అన్నారు అబ్బాజాన్.

గుంటూరులో మా వీధి మలుపున లారీ ఆగింది. కారు దిగగానే అందరమూ ఎడమ తలుపు దగ్గరికే వెళ్లాము. తుప్పు ఆయన చెప్పినంతే ఉంది, వీసమెత్తు ఎక్కువ లేదు. మా పాత స్కూటరును అమ్మకానికి పెట్టాలనుకుంటున్నాము. దాని లోపాల జాబితా పిల్లలే రాస్తున్నారు.