నడక వేగంతో దూసుకుపోయే కారు!
చోడవరం దాటి దేవరాపల్లి దారి పడితే చెరకు తోటలు, దూరంగా తూర్పు కనుమలు, ఆపైన శారదా నది మీద రైవాడ జలాశయం. 2022లో ఏర్పడ్డ అనకాపల్లి జిల్లాలోని ఈ అందాల మధ్య కారు రివ్వున దూసుకుపోతున్నట్టు ఫొటో తీయాలనుందా? యాక్సిలరేటర్ తొక్కనక్కర్లేదు.

బానెట్‌ని శుభ్రంగా తుడిచి, గాలి పట్టుతో నిలిచే రబ్బరు కప్పుల్ని అతికిస్తారు. వాటికి పొడవాటి గొట్టం బిగించి, దాని చివర కెమెరా అమరుస్తారు. కారుతోపాటే కెమెరా కూడా కదులుతుంది కాబట్టి కారు స్పష్టంగానూ, రోడ్డూ చెట్లూ గీతల్లానూ పడతాయి. గొట్టాన్ని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తారు.

గంటకు 30 కిలోమీటర్ల వేగంలో, సెకనులో 30వ వంతు సేపట్లో కారు కదిలేది 28 సెంటీమీటర్లే. అదే ఇంజిన్ ఆపి, ఇద్దరు వెనక నుంచి నడక వేగంతో నెడుతుంటే, సెకను పాటు షటర్ తెరిచి ఉంచితే చాలు... మీటరుకు పైనే కదులుతుంది. గీతలు ఇంకా పొడవుగా వస్తాయి, ఇంజిన్ అదురూ ఉండదు. వెలుతురు తగ్గే సాయంత్రం ఇందుకు అనువైన వేళ.

దుమ్ముంటే కప్పులు పట్టు వదిలేస్తాయి. కెమెరాకి విడిగా తాడు కట్టాల్సిందే. దారి చదునుగా ఉండాలి, స్టీరింగ్ దగ్గర ఒకరు బ్రేకు మీద కాలుంచి కూర్చోవాలి. పశువులూ, చెరకు బళ్లూ, బడిపిల్లలూ తిరిగే రోడ్లివి. వాళ్లకి దారిచ్చాకే క్లిక్కుమనిపించాలి!