నది తప్పుకున్న ద్వారం

లండన్‌లో థేమ్స్ ఒడ్డు పార్కులో, నీళ్లకు దాదాపు 140 మీటర్ల దూరాన, యార్క్ వాటర్ గేట్ ఉంది. బకింగ్‌హామ్ డ్యూక్ జార్జ్ విలియర్స్ తన యార్క్ హౌస్‌కు పడవల్లో వచ్చేవారి కోసం 1626 ప్రాంతంలో ఇటలీ పునరుజ్జీవన శైలిలో కట్టించిన రేవుద్వారం ఇది. మూడు కమానులు, గరుకురాతి పట్టీలు చుట్టిన స్తంభాలు, పైన వంశచిహ్నం, సింహాలు. భవనం మాత్రం లేదు. 1672లో ఆయన కొడుకు 30,000 పౌండ్లకు అమ్మేశాడు, అక్కడ వీధులు వెలిశాయి.

ఇల్లే పోయాక గుమ్మం దేనికి, కనీసం నీటి అంచుకు జరపొచ్చుగా అని అనేవారుంటారు. నేను ఒప్పుకోను. 1870లో విక్టోరియా ఎంబాంక్‌మెంట్ అనే కరకట్ట పూర్తయి నదిని వెనక్కి నెట్టింది. అంతకుముందు అల ఎక్కడ తాకేదో ఈ ద్వారం చోటు కదలకపోవడం వల్లే తెలుస్తోంది. పాత పటాలు చాలవా అంటే, పటం దూరాన్ని చెబుతుంది, నడిపించి చూపించదు. 1878లో విప్పిన టెంపుల్ బార్ అనే మరో పాత లండన్ ద్వారాన్ని 2004లో మళ్లీ నగరంలో నిలబెట్టారు, కానీ పాత వీధిలో కాదు; రాళ్లు దక్కాయి, చోటు పోయింది. ఇక ఇంటి విషయమా? విలియర్స్ స్ట్రీట్, బకింగ్‌హామ్ స్ట్రీట్ యజమాని పేరునే మిగిల్చాయి. అతని అభిరుచిని, ఆడంబరాన్ని కళ్లారా చూడాలంటే ఈ రాయే దిక్కు. ఎంబాంక్‌మెంట్ స్టేషన్‌లో దిగేవారు రెండడుగులు పక్కకు వేసి, నది వైపు నుంచి దీన్ని చూడండి.