దయ్యం రాలేదు... జనం వచ్చారు!

న్యూయార్క్‌లోని పెన్‌ స్టేషన్‌లో లాంగ్‌ఐలండ్‌ రైలెక్కితే సుమారు గంటలో ఆమిటీవిల్‌ వస్తుంది. జనాభా పదివేలకు లోపే. దక్షిణాన గ్రేట్‌ సౌత్‌ బే. అక్కణ్నుంచి ఇళ్ల పెరళ్లదాకా చొచ్చుకొచ్చిన కాల్వలు. వెనక గుమ్మం దిగి నాలుగడుగులేస్తే పడవెక్కేయొచ్చు! ఆమిటీ అంటే స్నేహం. మన భాషలో స్నేహపురం అన్నమాట. కానీ ఆ పేరు చెప్పగానే ప్రపంచానికి గుర్తొచ్చేది మాత్రం ఓ దయ్యాల కొంప.

అదే ఓషన్‌ అవెన్యూలోని 112 నంబరు ఇల్లు. 1920ల్లో కట్టిన డచ్‌ కలోనియల్‌ భవనం. వెనక కాల్వ, పడవల షెడ్డు, ఈతకొలను. వీధివైపు గోడకి బాగా పైన రెండు కిటికీలుండేవి, పావుచంద్రుడి ఆకారంలో. రాత్రిపూట లోపల దీపం వెలిగితే రెండు కళ్లు రోడ్డుకేసి చూస్తున్నట్టే! సినిమావాళ్లకి అంతకన్నా ఏం కావాలి?

నిజానికి అక్కడ ఘోరం చేసింది మనిషే. 1974 నవంబరు 13 తెల్లవారుజామున ఆ ఇంటి పెద్దకొడుకు రొనాల్డ్‌ డిఫియో, కన్న తల్లిదండ్రుల్నీ ఇద్దరు చెల్లెళ్లనీ ఇద్దరు తమ్ముళ్లనీ పడకల మీదే తుపాకీతో కాల్చి చంపాడు. అందరికన్నా చిన్నవాడికి తొమ్మిదేళ్లు. డిఫియో 2021లో ఖైదీగానే కన్నుమూశాడు.

హత్యలు జరిగిన ఏడాదికి, 1975 డిసెంబరులో లట్జ్‌ దంపతులు ముగ్గురు పిల్లలతో ఆ ఇంట్లో దిగారు. సంగతి తెలిసే 80 వేల డాలర్లకు కొన్నారు. మనవాళ్లు పాలు పొంగించి శాంతి చేయించినట్టే, కేథలిక్‌ ఫాదర్‌ని పిలిచి ఇంటిని దీవించమన్నారు. అయినా ఉన్నది 28 రోజులే. సామాన్లన్నీ వదిలేసి వెళ్లిపోయారు. చలికాలంలో ఈగల గుంపులు, గోడల వెంట కారే జిగురు, మంచులో గిట్టల గుర్తులు... ఆ కథలన్నిటితో జే ఆన్సన్‌ రాసిన 'ది ఆమిటీవిల్‌ హారర్‌' 1977లో వచ్చింది. అట్టమీద 'యథార్థగాథ' అని ముద్ర! రెండేళ్లకి సినిమా కూడా వచ్చింది. దాన్ని ఆ ఇంట్లో తీయలేదు. న్యూజెర్సీలో మరో ఇంటికి అవే కిటికీలు పెట్టి తీశారు.

పుస్తకం బజార్లోకి రాకముందే జిమ్‌, బార్బరా క్రొమార్టీ దంపతులు ఆ ఇల్లు 55 వేల డాలర్లకు కొనేశారు. దయ్యాలంటే నమ్మకంలేని మనుషులు. కాల్వగట్టు మీద అంత ఇల్లు ఆ ధరకి దొరుకుతుంటే ఎవరు వదులుకుంటారు? హాయిగా కాపురం పెట్టారు. పుస్తకం వచ్చాక వరసకట్టిన విలేకరులకు బార్బరా ఇల్లంతా తిప్పి చూపించారు. ఏదో శక్తి ఊడబెరికిందని రాసిన తలుపులకు పాత మడతబందులు, పాత తాళాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నేలమాళిగలో ఉందన్న భయంకరమైన 'ఎర్రగది' చిన్న అల్మరా అంత గూడు! వాతావరణ శాఖ రికార్డులు తిరగేస్తే, గిట్టల గుర్తులు పడ్డాయన్న రోజుకి అసలక్కడ మంచే లేదు.

కొత్త యజమానులకు దయ్యం కనిపించలేదు సరే, నిద్ర మాత్రం కరవైంది. పుస్తకం చదివినవాళ్లు, సినిమా చూసినవాళ్లు కార్లేసుకుని వచ్చేవారు. వేళాపాళా లేదు. ఇంటిముందు ఫొటోలు, తలుపు దగ్గర తచ్చాడటాలు! హాలోవీన్‌ వచ్చిందంటే ఇక చెప్పనక్కర్లేదు. పుస్తకం తప్ప ఆ ఇంట్లో వింతేమీ లేదని జిమ్‌ చెప్పి చెప్పి అలసిపోయారు. చివరికి లట్జ్‌ దంపతుల మీదా, రచయిత, ప్రచురణకర్తల మీదా కోర్టుకెక్కారు. వ్యవహారం రాజీతో ముగిసింది.

1979లో మరో విశేషం. ఆ కథంతా లట్జ్‌ దంపతులూ తానూ కలిసి సీసాల కొద్దీ వైన్‌ తాగుతూ అల్లిందేనని డిఫియో తరఫు లాయరు విలియం వెబర్‌ బయటపెట్టారు. లట్జ్‌ దంపతులు మాత్రం తమ మాట మార్చుకోలేదు. అదే ఏడాది నిజనిర్ధరణ యంత్రం ముందు కూడా కూర్చున్నారు. వాళ్లు దేనికో నిజంగానే భయపడి ఉండొచ్చు. ఆరుగురు చనిపోయిన ఇంట్లో, వాళ్లు వాడిన సామాన్ల మధ్యే కాపురమంటే రాత్రి మెట్లు చప్పుడైనా గుండె ఝల్లుమంటుంది కదా! కానీ దాన్ని పుస్తకంగా అమ్మినప్పుడు, పక్కింటివాళ్ల ప్రశాంతత కూడా అమ్ముడైపోయింది.

క్రొమార్టీ కుటుంబం అక్కడ పదేళ్లు గడిపింది. తర్వాతి యజమానులూ ఒకరి తర్వాత ఒకరు మామూలుగానే కాపురం చేశారు. ఇంటి నంబరు మారింది. ఆ 'కళ్లు' పోయి సాదా కిటికీలొచ్చాయి. 2017లో ఆ ఇల్లు 6 లక్షల 5 వేల డాలర్లకు అమ్ముడైంది.

ఇప్పుడు ఆమిటీవిల్‌ వెళ్లినా అక్కడ టికెట్టు కౌంటరుండదు, గైడుండడు. అది ఎవరో ఒకరి సొంతిల్లు. ఊరి అసలు చరిత్ర తెలుసుకోవాలంటే లాడర్‌ మ్యూజియం ఉంది. ఆనాడు చనిపోయిన ఆరుగురి సమాధులు దగ్గర్లోని ఫార్మింగ్‌డేల్‌లో, సెయింట్‌ ఛార్లెస్‌ శ్మశానవాటికలో ఉన్నాయి.